దోషం అనే మాట



మన భాషలో కొన్ని మాటలకు రెండు ముఖాలు ఉంటాయి. ‘దోషం’ అటువంటి మాట. దృష్టిదోషం అంటాము, ఉచ్చారణ దోషం అంటాము. అక్కడ ఆ మాటకు లోపం అని మాత్రమే అర్థం. కోర్టులో ‘దోషి’ అన్నప్పుడు మాత్రం నేరం చేసినవాడని అర్థం. ఈ రెండు అర్థాలు ఒకే మాటలో కాపురం ఉంటున్నాయి గనుక మనకు తెలియకుండానే ఒక దానిలోనుండి మరొక దానిలోనికి జారిపోతాము. ఇటీవల పత్రికలవారు, కొందరు డాక్టర్లు కూడా ‘జన్యుదోషం’ అని రాస్తున్నారు, చెబుతున్నారు. ఆ మాట ఆసుపత్రి గదిలో పుట్టి ఇంటికి చేరేసరికి దాని అర్థం మారిపోతున్నది. లోపం అంటే వినేవారు ‘ఎక్కడ ఉంది?’ అని అడుగుతారు. దోషం అంటే ‘ఎవరిది?’ అని అడుగుతారు. ఈ రెండో ప్రశ్న వలన ఎన్ని కాపురాలు కూలిపోయాయో విచారణ గురువులకు తెలుసు.

ఈ వారం ఆ ప్రశ్నను పరిశీలిద్దాము. దానికి ఉదాహరణగా చిన్నపిల్లల కంటిలో వచ్చే ఒక క్యాన్సరును తీసుకుంటున్నాను. దాని పేరు రెటినోబ్లాస్టోమా. కంటి లోపల వెనుకవైపు, వెలుగును పట్టుకొనే పలుచని పొరను రెటీనా అంటారు. ఆ పొరలో ఈ గడ్డ పుడుతుంది. సుమారు 15,000 నుండి 20,000 మంది పిల్లలు పుడితే వారిలో ఒకరికి వస్తుంది. దాదాపు అందరికీ ఐదేళ్ళ లోపే బయటపడుతుంది. మన దేశంలో ఏటా 1,500 నుండి 2,000 మంది పిల్లలకు వస్తున్నదని అంచనా. ఇంత ఎక్కువ మంది బిడ్డలు ఈ జబ్బు పడుతున్న దేశం ప్రపంచంలో మరొకటి లేదు. అది మన జాతిలో ఏదో ఉండడం వలన కాదు. మన దేశంలో పుట్టే పిల్లల సంఖ్యే అంత ఎక్కువ.

ఇది తొందరగా కనిపెడితే నయమయ్యే జబ్బు. ధనిక దేశాలలో నూటికి 95 మందికి పైగా పిల్లలు బతుకుతున్నారు. మన దగ్గర అంతమంది బతకడం లేదు. మందు లేకపోవడం దానికి ముఖ్య కారణం కాదు, ఆలస్యంగా రావడమే కారణం. ఆ ఆలస్యంలో కొంత భాగం పేదరికానిది, కొంత దూరానిది. కాని కొంత భాగం ‘దోషం ఎవరిది?’ అనే ప్రశ్నది. ఈ వ్యాసం ఆ చివరి భాగం కోసమే.

ముందుగా సైన్సు ఏమి చెబుతున్నదో కొంచెం ఓపికతో వినండి. మన శరీరంలోని ప్రతి కణంలోను ఆర్‌బి1 అనే జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తండ్రినుండి వచ్చింది, ఒకటి తల్లినుండి వచ్చింది. కణం అదుపు తప్పి పెరిగిపోకుండా ఆపి ఉంచడం దాని పని. భావనపాడు ఒడ్డున ఒక పడవను రెండు మోకులతో కట్టి ఉంచారని అనుకోండి. ఒక మోకు తెగినా రెండవది పడవను పట్టి ఉంచుతుంది. రెండూ తెగితేనే పడవ సముద్రంలోనికి కొట్టుకుపోతుంది. మామూలు బిడ్డలో ఒకే కణంలో రెండు మోకులూ తెగడం చాలా అరుదు. ఎప్పుడో, ఎక్కడో ఒక బిడ్డకు ఆ విధంగా జరిగితే ఒక కంటిలో ఒక గడ్డ వస్తుంది. కొందరు బిడ్డలు మాత్రం శరీరంలోని ప్రతి కణంలోను ఒక మోకు ముందే తెగిపోయిన స్థితిలో పుడతారు. అటువంటి బిడ్డకు ఇంకొక్క మోకు తెగితే చాలు. పెరుగుతున్న కంటిలో లక్షలాది కణాలు విభజన చెందుతుంటాయి గనుక వాటిలో ఎక్కడో ఒకచోట అది జరగనే జరుగుతుంది. అందుచేత ఆ బిడ్డలలో నూటికి 90 మందికి జబ్బు వస్తుంది, చాలామందికి రెండు కళ్ళలోను వస్తుంది, చిన్న వయస్సులోనే వస్తుంది.

ఈ సంగతిని మొదట ఊహించిన వ్యక్తి ఆల్ఫ్రెడ్ క్నూడ్‌సన్ అనే అమెరికా వైద్యుడు. ఆయన దగ్గర పెద్ద యంత్రాలు ఏమీ లేవు. హ్యూస్టన్ నగరంలోని ఆసుపత్రిలో 48 మంది పిల్లల రికార్డులను ముందు పెట్టుకొని, ఎవరికి ఏ వయస్సులో వచ్చింది, ఒక కంటిలోనా రెండింటిలోనా అని లెక్క కట్టాడు. రెండు కళ్ళలో వచ్చినవారికి ముందుగా వస్తున్నది, ఒక కంటిలో వచ్చినవారికి ఆలస్యంగా వస్తున్నది. ఆ తేడానుండి ‘రెండు దెబ్బలు’ అనే సిద్ధాంతం చేసి 1971లో ప్రకటించాడు. ఆ జన్యువును ఇతరులు నిజంగా వేరు చేసి చూపింది 1986లో. పదిహేనేళ్ళ ముందు కాగితం మీద కట్టిన లెక్క నిలబడింది. తత్త్వశాస్త్రం చదువుకున్న నాబోటివాడికి ఇటువంటి సంగతి వింటే ఒక రకమైన సంతోషం కలుగుతుంది. దానిని దాచుకోను.

ఇప్పుడు ‘ఎవరిది?’ అనే ప్రశ్న దగ్గరకు వద్దాము. ఈ జబ్బు వచ్చిన పిల్లలు నూరుగురిలో సుమారు 60 మందికి ఇది వంశపారంపర్యం కానే కాదు. రెండు మోకులూ ఆ బిడ్డ కంటిలోనే తెగాయి. మిగిలిన 40 మందికి పుట్టుకతో ఒక మోకు తెగి ఉంది. అయితే ఆ 40 మందిలోనూ ఎక్కువమంది తల్లిదండ్రులకు ఆ లోపం లేదు. బిడ్డ కడుపులో పడే వేళ ఆ లోపం కొత్తగా ఏర్పడింది. కుటుంబంలో ముందు ఎవరికైనా ఈ జబ్బు వచ్చినవారు నూటికి సుమారు 10 మంది మాత్రమే. కొత్తగా ఏర్పడే ఆ మార్పు ఎక్కువసార్లు తండ్రినుండి వచ్చిన ప్రతిలో జరుగుతున్నదని కూడా పరిశోధకులు చూపారు.

ఈ చివరి మాట రాయడానికి కొంత వెనుకాడాను. ఎందుకంటే మన ఊళ్ళలో ఇంతవరకు కోడలిని నిందించినవారు రేపటినుండి అల్లుడిని నిందిస్తారేమోనని. మగవాని శరీరంలో వీర్యకణాలు జీవితాంతం తయారవుతూనే ఉంటాయి, ప్రతిసారి ఆ దీర్ఘమైన రాతను తిరిగి రాయవలసి ఉంటుంది, రాతలో తప్పులు దొర్లుతాయి. వేయి పేజీల పుస్తకాన్ని చేతితో ఎక్కించేవాడు ఎంత శ్రద్ధగలవాడైనా ఒక అక్షరం జారవిడుస్తాడు. దానిలో తాగుడు లేదు, తిరుగుడు లేదు, పాపం లేదు. ఇక ఆ తల్లి విషయం. గర్భంతో ఉండి గ్రహణం చూసిందని, కాలు జారి బావిగట్టున పడిందని, బొప్పాయి తిన్నదని ఎన్ని మాటలు అంటారు! వీటిలో ఏ ఒక్కదానికీ ఈ జబ్బుతో సంబంధం లేదు.

మేనరికం వలన వచ్చిందా అని కూడా అడుగుతారు. మేనమామ కూతురినో అత్త కొడుకునో పెళ్ళాడాలంటే శ్రీసభ అనుమతి ఎందుకు కావాలని నాతో వాదనకు దిగే పెద్దలు ఈ ఒక్క సందర్భంలో మాత్రం మేనరికమే కారణమని ఒప్పుకుంటారు! దగ్గరి బంధుత్వపు పెళ్ళిళ్ళ వలన కొన్ని జబ్బులు పెరుగుతాయి, నిజమే. అవి తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే వచ్చే జబ్బులు. కంటిలో వచ్చే ఈ క్యాన్సరుకు పుట్టుకతో ఒక్క లోపం చాలు. కనుక మేనరికం దీనికి కారణం కాదు. మేనరికాన్ని వద్దనడానికి వేరే మంచి కారణాలు ఉన్నాయి. లేనిపోని కారణం చేర్చి వాటి విలువ తగ్గించనక్కరలేదు.

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయం మీకు గుర్తుండే ఉంటుంది. పుట్టుగుడ్డిని చూడగానే శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న అదే: పాపం వీనిదా, వీని తల్లిదండ్రులదా? ఆ ప్రశ్నను జాగ్రత్తగా గమనించండి. వారికి ఆ మనిషి ఒక సమస్యగా కనిపించాడే గాని ఒక మనిషిగా కనిపించలేదు. అతడు వింటూ ఉండగానే, అతని తల్లిదండ్రుల పాపం గూర్చి చర్చ మొదలుపెట్టారు. చూపు లేదు గాని అతనికి చెవులు ఉన్నాయి కదా! ప్రభువు ఇద్దరి మీదా పాపం మోపలేదు. నేరస్థుని వెతికే పని పక్కనబెట్టి, నేల మీద ఉమ్మి, మట్టి కలిపి, కన్నుల మీద పూసే పనిలో పడ్డాడు.

నిర్గమకాండంలో తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు అని ఉంది కదా ఫాదరుగారూ అని బైబిలు బాగా చదివేవారు అడుగుతారు. ఉంది. ఆ మాటను పట్టుకొని చెరలో ఉన్న యూదులు తమ కష్టాలన్నిటికీ పితరులను తిట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు యెహెజ్కేలు ప్రవక్త వచ్చి ఒక అధ్యాయమంతా దానికి జవాబు చెప్పాడు. పద్దెనిమిదవ అధ్యాయం. ఎవరి పాపానికి వారే ఉత్తరవాదులని దాని సారాంశం. ఇంటికి వెళ్ళి చదువుకోండి.

ఇక్కడ ఒక విషయం సూటిగా చెప్పాలి. ‘వంశశాపాలు’, ‘వంశవృక్ష స్వస్థత’ అనే పేర్లతో కొన్ని ప్రార్థన కూటాలలో బోధలు జరుగుతున్నాయి. ముత్తాత చేసిన పాపం మనుమడికి జబ్బుగా వచ్చిందని, దానికి ప్రత్యేక ప్రార్థనలు చేయించాలని చెబుతున్నారు. పోలండు మేత్రాణులు 2015లోను, స్పెయిను మేత్రాణులు 2024లోను ఈ బోధ శ్రీసభ విశ్వాసానికి సరిపడదని స్పష్టంగా చెప్పారు. జ్ఞానస్నానం తరువాత కూడా తాతల పాపం మిగిలి ఉంటుందంటే ఇక జ్ఞానస్నానం చేసిన పని ఏమిటి? వేదాంతం సంగతి అటుంచినా, ఈ బోధ వలన జరిగే అసలు నష్టం వేరే ఉంది. ఈ జబ్బులో నెలలు లెక్క. గడ్డ కంటిలో ఉన్నంత వరకు ప్రాణాన్ని కాపాడవచ్చు, తరచు కన్నును కూడా కాపాడవచ్చు. కంటి వెనుక ఉన్న నరం వెంట మెదడు వైపు పాకిన తరువాత చాలా కష్టం. ముత్తాత పాపం కోసం మూడు నెలలు కూటాలు తిరిగిన కుటుంబం ఆ మూడు నెలలను ఎక్కడనుండి తెచ్చుకుంటుంది?

పునీత తోమా అక్వినాసు చెడును రెండు రకాలుగా విడదీశాడు. మనం ఇష్టపూర్వకంగా చేసేది ఒకటి, మన మీద వచ్చి పడేది మరొకటి. గురువిద్యాలయంలో మాకు మరొక పాఠం కూడా చెప్పేవారు: రాయికి చూపు లేదు గాని రాయిని గుడ్డిది అనము. ఏది ఉండవలసినదో అది లేకపోతేనే దానిని లోపం అంటాము. కంటికి చూపు ఉండాలి గనుక చూపు లేని కన్ను లోపం గలది. ఆ లోపం చెడ్డదే. అది చెడ్డది కాదని, దేవుని వరమని తల్లిదండ్రులకు తియ్యగా చెప్పేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. అయితే ఆ చెడు ఎవరి చేతినుండీ రాలేదు. చెడు ఉన్న ప్రతిచోట చేసినవాడు ఒకడు ఉండాలని మన మనస్సు పట్టుబడుతుంది. ఆ పట్టుదలలోనే తప్పు ఉంది.

ఉద్దానం ప్రజలకు ఈ విషయం నేను చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో రెండు దశాబ్దాలకు పైగా కిడ్నీ జబ్బు ఇళ్ళకు ఇళ్ళను తినేస్తున్నది. నీరు అన్నారు, నేల అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో పని అన్నారు, జన్యువులు అన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనాయి. మూలకారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అంతమాత్రాన ఆ ఊళ్ళవారందరూ పాపులని ఎవరైనా అంటే జీడితోటలో పనిచేసే అవ్వ కూడా నవ్వుతుంది. నలుగురికి వచ్చిన జబ్బు గూర్చి మనకు ఇంత న్యాయబుద్ధి ఉంది. ఒక్క ఇంటికే వచ్చిన జబ్బు దగ్గర ఆ న్యాయబుద్ధి ఎందుకు పనిచేయదో!

కొన్నేళ్ళ క్రితం ఒక అవ్వ నా దగ్గరకు వచ్చింది. మనుమరాలికి రెండేళ్ళు. ఒక కంటిలో గడ్డ పెద్దదైపోయింది, కన్ను తీసివేయాలని పెద్దాసుపత్రిలో చెప్పారు. బిడ్డ తండ్రి ఒప్పుకోలేదు. ఆడపిల్లకు కన్ను తీసేస్తే రేపు ఎవరు చేసుకుంటారు అన్నది అతని మాట. అవ్వ నన్ను అడిగిన ప్రశ్న మాత్రం వేరు. “ఏటి బాబూ, కన్ను తీసేత్తే పునరుత్థానం రోజున మా గుంటకి కన్నుంటాదా, ఉండదా?” అని అడిగింది. నేను ఏ పెద్ద పరీక్షలోను ఇంత మంచి ప్రశ్న వినలేదు. పునీత అగస్తీను ఇటువంటి ప్రశ్నలకే తన పెద్ద గ్రంథం చివరి భాగంలో ఎన్నో పుటలు కేటాయించాడు. పునరుత్థాన దేహానికి ఏ లోటూ ఉండదని శ్రీసభ విశ్వాసం. “ఉంటుంది మామ్మా” అన్నాను. “అయితే తీసేమందాం” అంది.

ఆ తండ్రితో మాట్లాడడం అంత సులభం కాలేదు. అతడు చెడ్డవాడు కాడు. బిడ్డ ప్రాణం కంటె పెళ్ళి ముఖ్యమని అతడు నిజంగా అనుకోలేదు. కన్ను తీయకపోయినా బిడ్డ ఎలాగో బతుకుతుందని ఆశపడ్డాడు. శరీరంలోని ఒక అవయవం మొత్తం శరీరం కోసమే ఉంది, మొత్తాన్ని చంపబోయే అవయవాన్ని తీసివేయవచ్చని పునీత తోమా చెప్పాడు. దానినే పన్నెండవ భక్తినాథ పోపుగారు 1952లో వైద్యులకు వివరించారు. ఈ న్యాయం అతనికి చెప్పాను. తలకు ఎక్కలేదు. చివరకు అతని మనస్సు మార్చింది నా వేదాంతం కాదు. అదే ఆసుపత్రిలో గాజుకన్ను పెట్టుకొని కాలేజీకి పోతున్న ఒక అమ్మాయి అతనితో పది నిమిషాలు మాట్లాడింది. స్కాట్లాండులో జేమ్స్ వార్‌డ్రాప్ అనే శస్త్రవైద్యుడు 1809లోనే, మత్తుమందు కూడా లేని రోజుల్లో, ఈ జబ్బుకు కన్ను తీసివేయడమే మార్గమని రాశాడు. ఈనాడు అదొక్కటే మార్గం కాదు. కీమోథెరపీ, లేజరు, గడ్డను గడ్డకట్టించి చంపే పద్ధతి, కంటి రక్తనాళంలోనికే మందు పంపే పద్ధతి ఉన్నాయి. తొందరగా వస్తే చాలామందికి కన్ను నిలుస్తుంది. ఆలస్యమైనవారికి మాత్రం ఆ 1809 నాటి మార్గమే ప్రాణం కాపాడుతుంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కాని ఆ బిడ్డ పెరుగుతుంది, పెళ్ళీడుకు వస్తుంది. పుట్టుకతో లోపం ఉన్న వ్యక్తి తన బిడ్డకు దానిని అందించే అవకాశం సగానికి సగం. ప్రతి కాన్పుకూ మళ్ళీ బొమ్మా బొరుసూ వేసినట్టే. మొదటి బిడ్డకు వచ్చింది గనుక రెండో బిడ్డకు రాదనే లెక్క తప్పు. లోపం పుట్టుకతో ఉన్నదా, కంటిలోనే ఏర్పడిందా అనేది రక్తపరీక్షతో చాలావరకు తెలుసుకోవచ్చు. రెండు కళ్ళలో వచ్చిన ప్రతివారికి పుట్టుకతో ఉన్నట్టే లెక్క. ఒక కంటిలో వచ్చినవారిలో కూడా నూటికి సుమారు 15 మందికి ఉంటుంది. అటువంటివారికి పెద్దయ్యాక ఎముకల క్యాన్సరు వంటి ఇతర క్యాన్సర్లు వచ్చే ప్రమాదం కూడా మిగతావారి కంటె ఎక్కువ. రేడియేషను ఇస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది గనుక వీలైనంత వరకు వారికి దానిని తప్పిస్తారు.

మరి పెళ్ళిచూపులప్పుడు చెప్పాలా, వద్దా? తల్లిదండ్రులు నన్ను రహస్యంగా అడిగే ప్రశ్న ఇది. చెబితే సంబంధం పోతుందని భయం. భయం అబద్ధం కాదు, నిజంగానే పోతుంది కొన్నిసార్లు. ఊరందరికీ చెప్పాలా అంటే అక్కరలేదు. మధ్యవర్తికి చెప్పనక్కరలేదు, వాళ్ళ మేనత్తకు చెప్పనక్కరలేదు. ఒకరి శరీరపు రహస్యం మీద ఊరికి హక్కు లేదు. కాని జీవితాన్ని పంచుకోబోయే ఆ ఒక్క వ్యక్తికి హక్కు ఉంది. మూడు చాటింపులకు ముందుగానే ఆ అమ్మాయి స్వయంగా ఆ అబ్బాయికి చెప్పాలని నా అభిప్రాయం. తల్లిదండ్రులు కాదు, ఆమె చెప్పాలి. కాపురాన్ని తీవ్రంగా కలవరపెట్టగల విషయాన్ని మోసపూరితంగా దాచి పెళ్ళి చేస్తే ఆ పెళ్ళే చెల్లదని శ్రీసభ చట్టంలో 1098వ సూత్రం చెబుతున్నది. అది ఈ సందర్భానికి వర్తిస్తుందా లేదా అనేది న్యాయపీఠం వారు చూసుకుంటారు. నాకు చట్టం కంటె ముఖ్యమైన కారణం ఉంది. భర్తకు తెలియకపోతే పుట్టిన బిడ్డ కన్నును మొదటి వారంలో ఎవరు పరీక్ష చేయిస్తారు? భయంతో రహస్యంగా ఉంచిన తల్లి రహస్యంగానే ఆలస్యం చేస్తుంది. ఆ రహస్యపు మూల్యం బిడ్డ చెల్లిస్తుంది.

అసలు ఇటువంటివారు పెళ్ళి చేసుకోకూడదని అనే పెద్దమనుషులు కూడా ఉన్నారు. ఒక సంగతి వారికి గుర్తు చేయాలి. మంచి జాతిని తయారు చేస్తామని కొన్ని దేశాలలో చట్టాలు చేసి, జబ్బుగలవారికి బలవంతంగా సంతానం లేకుండా ఆపరేషన్లు చేసిన రోజుల్లో, 1930లో పదకొండవ భక్తినాథ పోపుగారు దానిని గట్టిగా ఖండించారు. ఆయన అమాయకంగా మాట్లాడలేదు. అటువంటివారికి పెళ్ళి విషయంలో ఆలోచించుకోమని సలహా ఇవ్వవచ్చునని కూడా అదే లేఖలో ఒప్పుకున్నారు. సలహా వేరు, నిషేధం వేరు. ఆలోచించవలసినది ఆ ఇద్దరు. మనం కాదు.

కడుపులో ఉండగానే పరీక్ష చేయించవచ్చా? 1987లో వాటికను ఇచ్చిన సూచనల ప్రకారం, బిడ్డకు మేలు చేయడానికైతే చేయించవచ్చు. తొలగించుకునే ఉద్దేశంతోనైతే కాదు. ఈ జబ్బులో ఆ మేలు నిజంగా ఉంది. లోపం ఉన్నదని ముందే తెలిస్తే పుట్టిన కొద్ది రోజులకే కన్ను చూసి, గడ్డ ఆవగింజంత ఉండగానే కాల్చివేయవచ్చు. లోపం లేదని తేలితే ఆ పసిబిడ్డకు పదేపదే మత్తు ఇచ్చి చేసే పరీక్షలే తప్పుతాయి. పరీక్షశాలలో పిండాలను తయారు చేసి, లోపం లేనిదానిని ఏరుకొని, మిగతావాటిని పారవేసే పద్ధతి కూడా వచ్చింది. శ్రీసభ దానిని ఎందుకు ఒప్పుకోదో చెప్పడానికి నాకు పెద్ద సిద్ధాంతం అక్కరలేదు. కాలేజీకి పోతున్న ఆ గాజుకన్ను అమ్మాయి, ఆ ఏరివేతలో పారవేయబడేది. అయితే రెండుసార్లు ఈ నరకం చూసిన తల్లి ఆ ఆలోచన చేస్తే ఆమె మీద రాయి వేయడానికి నేను వంగను. ఆమెతో కూర్చోవడం నా పని.

జన్యువుల తేడా గూర్చి తెలుసుకోవడం అంటే భయపడడమే అనుకోకండి. ‘వచ్చే అవకాశం’ అనే మాటలో ఎన్నో అంతస్తులు ఉన్నాయి. ఈ కంటి జబ్బులో పుట్టుకతో లోపం ఉంటే నూటికి 90. అదే పిల్లలలో అన్నిటికంటె ఎక్కువగా వచ్చే రక్తపు క్యాన్సరును చూడండి. దానికి దారితీసే చిన్న చిన్న జన్యు తేడాలను 2009నుండి కనుగొంటూ వస్తున్నారు. ఆ తేడాలు మనలో ఎంతోమందికి ఉంటాయి, వారిలో దాదాపు ఎవరికీ ఆ జబ్బు రాదు. మరో తేడా ఉన్నది: ఎన్‌యుడిటి15 అనే జన్యువులో. అది ఉన్న పిల్లలకు ఆ రక్తపు క్యాన్సరుకు ఇచ్చే మెర్కాప్టోప్యూరిన్ మాత్ర మామూలు మోతాదులో విషమవుతుంది. ఐరోపావారి కంటె మన ఆసియావారిలో ఇది ఎక్కువ. 2014, 2015 సంవత్సరాల పరిశోధనల తరువాత డాక్టర్లు ఆ పిల్లలకు మోతాదు తగ్గించి ఇస్తున్నారు. మన తెలుగునాటనే వైశ్య కుటుంబాలలో కొందరికి ఆపరేషను మత్తుకు వాడే ఒక మందు పడదు, జన్యువులో తేడా వలన. మత్తు డాక్టరు ముందే అడుగుతాడు, వారు ముందే చెబుతారు. దానిని ఎవరూ దోషం అనరు. వారి సంబంధాలు ఏమీ చెడిపోలేదు. ఒక తేడాను సిగ్గు లేకుండా చెప్పుకోవడం మన సమాజానికి చేతకాని పని కాదు.

అందుకే ఈ మేత్రాసనంలోని ఉపదేశులకు నాదొక మనవి. మీ బోధలో ‘జన్యుదోషం’ అనే మాట వాడకండి. ‘జన్యులోపం’ అనండి, లేదా ‘తేడా’ అనండి. చిన్న మాటే. కాని అత్తవారింట్లో ఒక పిల్ల వెనుక ఆ మాట ఎంత దూరం నడుస్తుందో మీకు తెలుసు.

ఇక చూడవలసినవి రెండు. కంటిపాపలో తెల్లని మెరుపు, పిల్లికన్నులాగా. రెండవది మెల్లకన్ను. మెల్లకన్ను అదృష్టమని మన పెద్దలు మురిసిపోతారు. ఆ అదృష్టాన్ని ఒకసారి డాక్టరుకు చూపించండి. ప్రతి తెల్లని మెరుపూ క్యాన్సరు కాదు. పుట్టుకతో శుక్లం ఉన్నా అలా కనిపించవచ్చు, ఫోటో తీసిన కోణం వలన కూడా కనిపించవచ్చు. ఏదైనా డాక్టరే తేల్చాలి. ఒక బిడ్డకు ఈ జబ్బు వచ్చిన ఇంట్లో మిగతా పిల్లల కళ్ళు కూడా, బాగానే ఉన్నా, చూపించాలి. 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి క్యాన్సరుకు ప్రత్యేక విభాగమే ఉంది. వారి విశాఖపట్నం ఆసుపత్రి హనుమంతవాక దగ్గర 2006నుండి ఉంది. ముందు అక్కడ చూపించవచ్చు. ఖర్చు సంగతి భయపడకండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అనే పేరుతో నడుస్తున్న ప్రభుత్వ పథకంలో క్యాన్సరు వైద్యం ఉంది. కార్డు తీసుకొని వెళ్ళండి.

జ్ఞానస్నానం రోజున బిడ్డ తల మీద నీరు పోసే వేళ, ఎంత చెప్పినా వినక, పది ఫోనులు వెలుగుతాయి. ఆ ఫోటోలు మీ దగ్గరే ఉన్నాయి. ఒకసారి తీసి చూడండి. ఒక కంటిపాప ఎర్రగా, రెండవది తెల్లగా కనిపిస్తే, ఆదివారం పూజ వరకు ఆగి నన్ను అడగవలసిన పని లేదు. మరునాడు ఉదయమే నిమ్మాడ జంక్షనులో విశాఖ బస్సు ఎక్కండి.